‘అమృతం’ సీరియల్: ప్రేక్షకుల మెప్పులు, అభ్యంతరాలు, మన ఇళ్లలో దాని చోటు

తెలుగు టీవీలో హాస్య ధారావాహిక అనగానే ఎక్కువమందికి మొదట గుర్తొచ్చే పేరు ‘అమృతం’. ఇద్దరు మిత్రులు, వాళ్ల భార్యలు, ఒక ఇంటి ఓనరు, ఒక సర్వరు, ఎప్పుడూ నష్టాల్లో నడిచే ఓ చిన్న హోటలు. కథకు పెట్టుబడి ఇంతే. పెద్ద తారలు లేరు, భారీ సెట్లు లేవు, ఊళ్లు తిరిగిన షూటింగులు లేవు. అయినా ఆరేళ్లు నడిచింది. ఆగిపోయి ఇన్నేళ్లయినా జనం దాన్ని వదల్లేదు.

తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ సీరియల్‌తో ఇంకో లంకె కూడా ఉంది. బడిలో తెలుగు లేని పిల్లలకు ఇంటి బయటి తెలుగు వినిపించిన కొద్ది కార్యక్రమాల్లో ఇదొకటి. అందుకే ప్రేక్షకులు దీని గురించి ఏమనుకుంటారో, ఏది మెచ్చుకుంటారో, దేని దగ్గర నొచ్చుకుంటారో ఒక్కచోట చేర్చి ఇస్తున్నాం. కొత్తగా చూడబోయేవారికి, పిల్లలకు చూపించాలనుకునేవారికి ఇది పనికొస్తుంది.

ముందుగా వివరాలు

ప్రసారం: జెమినీ టీవీ, ఆదివారం రాత్రి 8:30 గంటలకు
మొదటి భాగం: 2001 నవంబర్ 18
చివరి భాగం: 2007 నవంబర్ 18
మొత్తం భాగాలు: 313
నిర్మాణం: గుణ్ణం గంగరాజు, జస్ట్ ఎల్లో సంస్థ
టైటిల్ పాట: రచన సిరివెన్నెల సీతారామశాస్త్రి, సంగీతం కల్యాణి మాలిక్

గంగరాజు అంతకుముందే ‘లిటిల్ సోల్జర్స్’ (1996) సినిమా తీసి పేరు తెచ్చుకున్నారు. ‘అమృతం’ నడుస్తున్న రోజుల్లోనే ఆయన నిర్మాణంలో ‘ఐతే’ (2003), ‘అనుకోకుండా ఒక రోజు’ (2005) వచ్చాయి. ఆ రెండు సినిమాలకూ దర్శకుడైన చంద్రశేఖర్ ఏలేటి ఈ సీరియల్ తొలి భాగాలకు పనిచేశారు. తర్వాత రచనలోనూ దర్శకత్వంలోనూ ఎస్.ఎస్. కాంచి పేరు బాగా వినిపించింది. తక్కువ ఖర్చుతో తీసినా రాత విషయంలో చులకనతనం లేకపోవడానికి కారణం ఇక్కడ కనిపిస్తుంది. అటు సినిమాల్లో కొత్తదనం కోసం తపించినవాళ్లే ఇటు టీవీ అరగంట మీద కూడా మనసు పెట్టారు.

ఎవరెవరు

అమృతరావు కథానాయకుడు. ఆశ ఎక్కువ, ఓపిక తక్కువ. రాత్రికి రాత్రి డబ్బు చేసుకోవాలన్న ఆలోచన అతన్ని ఏదో ఒక గోతిలో పడేస్తుంటుంది.

ఆంజనేయులు, అందరికీ అంజి, అతని ప్రాణమిత్రుడు, పక్క వాటా మనిషి, హోటల్లో భాగస్వామి. గుండు హనుమంతరావు ఈ పాత్ర వేశారు.

అమృతరావు భార్య సంజీవిని, అంజి భార్య శాంత. సంజీవినిగా ఝాన్సీ మొదలుకొని ఒకరికంటే ఎక్కువమంది నటించారు. శాంత పాత్ర అనగానే రాగిణి గుర్తొస్తారు.

ఇంటి ఓనరు అంబుజనాభం. అందరూ అప్పాజీ అంటారు. పాత్రధారి శివన్నారాయణ. హోటల్లో ఉన్న ఒకే ఒక్క పనివాడు సర్వం, పాత్రధారి వాసు ఇంటూరి. హోటలు పేరు అమృత విలాస్.

ఈ ఆరుగురి మధ్యే దాదాపు ప్రతి కథా పుట్టి, అక్కడే ముగుస్తుంది. అద్దె, అప్పు, హోటలు బేరం, భార్యలకు చెప్పిన అబద్ధం, చుట్టం రాక, కొత్తగా మొదలెట్టిన వ్యాపారం. ఇలాంటి చిన్న నిప్పు ఒకటి రాజుకుంటుంది. ఆర్పబోయి ఇద్దరు మిత్రులూ దాన్ని ఇల్లంతా అంటిస్తారు. ఏ భాగానికి ఆ భాగం పూర్తయిపోతుంది కాబట్టి గత వారం చూడనివారికీ ఇబ్బంది లేదు. రోజువారీ సీరియళ్ల మధ్య ఈ ఏర్పాటు ప్రేక్షకులకు ఎంతో ఊరటనిచ్చింది.

తక్కువ ఖర్చు లోపమా, బలమా?

ఈ విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి.

ఇప్పటి వెబ్ సిరీస్‌లకు అలవాటుపడిన కుర్రకారుకు ‘అమృతం’ మొదట చూడగానే పాతగా కనిపిస్తుంది. వెలుతురు చదునుగా ఉంటుంది. అదే హాలు, అదే వంటిల్లు, అదే హోటలు గది. బొమ్మ నాణ్యత కూడా ఆనాటి టీవీదే. నాటకం చూస్తున్నట్టుంది అన్న మాట వాళ్ల నుంచి తరచూ వస్తుంది.

పెద్దవాళ్లు అదే మాటను మెచ్చుకోలుగా అంటారు. ఔను, నాటకంలాగే ఉంటుంది, అందుకే బాగుంటుంది అని. చోటు మారకపోతే చూసేవారి కన్ను మనుషుల మీదే నిలుస్తుంది. తలుపు ఎటుందో, అప్పాజీ ఎటునుంచి వస్తాడో మనకు ముందే తెలుసు. కాబట్టి అమృతం దాక్కోవడానికి పరుగెత్తినప్పుడు ఏ మూల చిక్కుకుపోతాడో మనం ముందే ఊహించి నవ్వడం మొదలుపెడతాం. పరిషత్తు నాటకాలు చూసి పెరిగిన తరానికి ఈ పద్ధతి కొత్త కాదు. అంజి పాత్ర వేసిన గుండు హనుమంతరావు కూడా విజయవాడ నాటకరంగం నుంచి వచ్చినవారే. జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’ (1987)తో సినిమాల్లో అడుగుపెట్టి వందల సినిమాల్లో నటించారు. అంతటి అనుభవం ఉన్న నటుడు గదిలో ఒక మూల ఊరికే నిలబడి చూసినా సరే, వెనకాల సెట్టు ఖరీదెంతో ఎవరూ లెక్కపెట్టరు.

ఖర్చు తక్కువ కావడం వల్ల కథకు ఇంకో మేలు జరిగింది. పాత్రలూ డబ్బులేనివాళ్లే. అద్దె కట్టలేని మనిషి ఇల్లు అద్దె కట్టలేని మనిషి ఇల్లులాగే కనబడింది. మధ్యతరగతి కథ అని చెప్పి మేడలు చూపించే సీరియళ్లతో విసిగినవారు ఈ నిజాయితీని గుర్తించారు.

పడటం, లేవడం, మళ్లీ పడటం

ఇందులో మాటల హాస్యం ఎంతుందో ఒంటి హాస్యం కూడా అంతే ఉంది. జారిపడటం, తలుపు సందున ఇరుక్కోవడం, ఒకరికి పడాల్సిన దెబ్బ ఇంకొకరికి తగలడం, మారువేషం నడిమధ్యలో ఊడిపోవడం. స్లాప్‌స్టిక్ అని పిలిచేది దీన్నే. కొందరికి ఇది చవకబారు వ్యవహారం. పెద్దవాళ్లు కుప్పిగంతులు వేస్తుంటే చూడలేం అంటారు. వాళ్ల మాట పూర్తిగా తీసెయ్యలేం. 313 భాగాల్లో అన్నీ ఒకే స్థాయిలో లేవు. మాట అందనప్పుడు గంతుతో నెట్టుకొచ్చిన సందర్భాలు కనిపిస్తాయి.

అయితే ఈ హాస్యానికి మనదైన వంశవృక్షం ఉందని గుర్తుంచుకోవాలి. రేలంగి, రమణారెడ్డి జంట తెర మీద కనబడగానే పాత తరం నవ్వడానికి సిద్ధమైపోయేది. ఒకరు బొద్దుగా, ఇంకొకరు సన్నగా పొడుగ్గా. ఆ తేడాయే సగం హాస్యం. ‘మామగారు’ (1991) తర్వాత కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ జంట అదే పని చేసింది. బయటి ప్రపంచంలో 1927 నుంచి జట్టుగా నటించిన లారెల్, హార్డీలదీ ఇదే సూత్రం. జంటలో ఒకడు తనను తాను తెలివిగలవాడిననుకుంటాడు, రెండోవాడు అతన్ని నమ్ముతాడు. ఇద్దరూ కలిసి గోతిలో పడతారు. అమృతం, అంజి ఈ వరసలో వచ్చినవారే. తేడా ఒక్కటే. సినిమాలో జంటకు పది నిమిషాలు దొరికితే ఎక్కువ. ఇక్కడ ఆ జంటకు ఆరేళ్లు దొరికాయి.

ఇద్దరి స్నేహం

ఈ సీరియల్‌ను మెచ్చుకునేవారిలో చాలామంది చివరికి తేల్చే మాట ఒకటే: హాస్యం సరే, అసలు పట్టి ఉంచింది ఆ ఇద్దరి స్నేహం.

అమృతం అంజిని ఇరికిస్తాడు. అంజి తిడతాడు, అలుగుతాడు, ఇక నీ మొహం చూడనంటాడు. మరుసటి వారం ఇద్దరూ మళ్లీ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇంకో పథకం వేస్తుంటారు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోరు. స్నేహం గురించి ఉపన్యాసాలుండవు, కౌగిలింతలుండవు. లాభం వస్తే చెరిసగం, నష్టం వచ్చినా చెరిసగం. మన ఊళ్లలో పాత స్నేహాలు ఇలాగే ఉంటాయి. సిరివెన్నెల టైటిల్ పాట కూడా అంజిని పలకరిస్తూ, రోజూ ఉండే కష్టాలకు అంతగా కుంగిపోవద్దని చెబుతుంది. అంటే సీరియల్ మొత్తం ఒక మిత్రుడు ఇంకో మిత్రుడికి చెప్పే ధైర్యం.

ఇదే చోట ఒక అభ్యంతరమూ ఉంది. వీళ్ల స్నేహం తరచుగా భార్యల దగ్గర దాపరికం మీద నిలబడుతుంది. డబ్బు పోయిందని చెప్పరు, అప్పు చేశామని చెప్పరు. ఇది నవ్వుకోవాల్సిన విషయమేనా అని ప్రశ్నించేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. సీరియల్ ఇచ్చే జవాబు ఏమిటంటే, దాచినవాళ్లు గెలవరు. గుట్టు బయటపడుతుంది, భార్యల ముందు ఇద్దరూ తలొంచుకుంటారు. అబద్ధాన్ని చూసి నవ్విస్తుంది తప్ప మెచ్చుకోదు.

ఏ అమృతం అసలు అమృతం?

ప్రేక్షకుల మధ్య ఎప్పటికీ తెగని చర్చ ఇది. కథానాయకుడి పాత్రను ముగ్గురు వేశారు. మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆపైన హర్షవర్ధన్.

శివాజీరాజాను ఇష్టపడేవారు ఆయనలోని అమాయకపు తొందరను మెచ్చుకుంటారు. పాత్రకు రూపం ఇచ్చింది ఆయనేనంటారు. నరేష్ అభిమానులు ‘నాలుగు స్తంభాలాట’, ‘శ్రీవారికి ప్రేమలేఖ’ నాటి జంధ్యాల హాస్యం ఆయనతో పాటు ఈ ఇంట్లోకి వచ్చిందంటారు. హర్షవర్ధన్ ఎక్కువకాలం కనిపించారు. ఇప్పటి తరానికి అమృతం అంటే ఆయన మొహమే. సూటిగా పలికే విరుపు ఆయన ప్రత్యేకత. తర్వాత ‘ఇష్క్’, ‘గుండె జారి గల్లంతయ్యిందే’, ‘మనం’ సినిమాలకు మాటలు రాసింది ఈయనే.

ఒక తమాషా కూడా చెప్పుకోవాలి. మొదటి ఇద్దరు అమృతాలూ తర్వాత మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్‌కు అధ్యక్షులయ్యారు. 2019 ఎన్నికల్లో ఆ పదవికి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. నరేష్ గెలిచారు. ఆ రోజుల్లో ‘అమృతం మీద అమృతం పోటీ’ అని నవ్వుకోని అభిమాని ఉండడు.

ముగ్గురు మారినా సీరియల్ పడిపోకపోవడానికి కారణం ఏమిటి? ఎక్కువమంది ఒప్పుకునే జవాబు: అంజి మారలేదు. గుండు హనుమంతరావు ఆ ఇంటికి నిలువుగుంజలా నిలబడ్డారు. అమృతం ఎవరైనా సరే, ‘వీడితో వేగలేను’ అన్న చూపు అంజి మొహంలో కనబడగానే అది పాత ఇల్లే అన్న నమ్మకం కలిగేది. 2018 ఫిబ్రవరి 19న ఆయన కన్నుమూసినప్పుడు, సినిమాల్లో అన్ని పాత్రలు వేసిన నటుణ్ని జనం అంజిగానే తలుచుకున్నారు.

అభ్యంతరాలు

అభిమానం ఉన్నచోట విమర్శ కూడా ఉండాలి. తరచుగా వినబడేవి మూడు.

మొదటిది సర్వం పాత్ర. పనివాడి అమాయకత్వాన్ని నవ్వుకు వాడటం, జీతం సరిగా ఇవ్వకపోవడాన్ని జోకుగా చూపడం ఇప్పుడు చూస్తే కొంత ఇబ్బందిగానే ఉంటుంది. హోటళ్లలో, మగ్గాల దగ్గర, దుకాణాల్లో కూలికి పనిచేసి పైకొచ్చిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. వాళ్లకు ఈ జోకు అంత తేలిగ్గా మింగుడుపడదు. అయితే సర్వం నోట వచ్చే అమాయకపు మాటే చాలాసార్లు యజమానుల బండారం బయటపెడుతుంది. వాసు ఇంటూరి ఆ పాత్రను అవమానం పాలు కాకుండా కాపాడారన్నది చాలామంది మాట.

రెండోది ఆడపాత్రలు. సంజీవిని, శాంత ఇద్దరూ భర్తలకంటే తెలివైనవారు. అయినా ఎక్కువగా ఇంటి గోడల మధ్యే ఉంటారు, కథ నడిపించేది మగవాళ్లే. స్నేహితులకు ఇచ్చినంత చోటు స్నేహితురాళ్లకు ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేదని ఆడవాళ్లే ఎక్కువగా అంటారు. ఆ ఇద్దరూ కలిసి భర్తల ఎత్తుకు పైఎత్తు వేసే భాగాలు అందరికీ నచ్చడం చూస్తే ఈ మాటలో నిజం ఉందనే అనిపిస్తుంది.

మూడోది పునరుక్తి. అద్దె గొడవ, దొంగ వేషం, ఉత్తుత్తి వ్యాపారం మళ్లీ మళ్లీ వస్తాయి. ఆదివారానికొకటి చూసినప్పుడు తెలియలేదు. ఇప్పుడు వరసగా పది చూస్తే తెలుస్తుంది. ఇది సీరియల్ తప్పనడం కంటే చూసే పద్ధతి మారిందనడం సబబు.

ఆ తెలుగు మన తెలుగేనా?

ఇది మన పాఠకులకు మాత్రమే వచ్చే ప్రశ్న.

‘అమృతం’లోని తెలుగు ప్రధానంగా కోస్తా మధ్యతరగతి మాట. అది అందరి ఇళ్లలో ఒకేలా వినిపించదు. యానాంవారికి అది పక్కింటి మాటే. చుట్టూ ఉన్నది గోదావరి జిల్లాల తెలుగే కదా. బరంపురం, గంజాం వైపు వారి యాస ఉత్తరాంధ్రకు దగ్గర. వారికీ పెద్ద తేడా అనిపించదు. కోలారు, బళ్లారి వైపు ఇళ్లలో రాయలసీమ పలుకుబడి, దానిలో కన్నడం కలిసి ఉంటుంది. హోసూరు, కృష్ణగిరి పల్లెల తెలుగులో తమిళం, కన్నడం రెండూ కలుస్తాయి. షోలాపురం పద్మశాలీ ఇళ్లలో తెలంగాణ నుంచి తాతలు తెచ్చుకున్న తెలుగు, మరాఠీ మాటలతో కలిసిపోయి ఉంటుంది.

అందుకే ఈ ఊళ్ల ప్రేక్షకుల్లో రెండు భావాలు కనిపిస్తాయి. ఒకటి గౌరవం: ‘అలా మాట్లాడితే అసలు తెలుగు’ అన్నట్టు. రెండోది దూరం: ‘వాళ్లు మాట్లాడేది పుస్తకం తెలుగు, మనది ఇంటి తెలుగు’ అని. రెండూ సగం నిజాలే. టీవీ తెలుగు విని మన యాసను చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. అవ్వ పలికే మాట తప్పు కాదు. అది ఆ కుటుంబం నడిచొచ్చిన దారికి గుర్తు. అలాగని టీవీ తెలుగును పరాయిదిగా తోసెయ్యడం కూడా నష్టమే. పెళ్లి సంబంధాలకైనా, చదువులకైనా, ఉద్యోగాలకైనా మన పిల్లలు హైదరాబాదో విజయవాడో వెళ్లినప్పుడు చెవికి ఆ తెలుగు అలవాటై ఉంటే బెరుకు తగ్గుతుంది.

ఇక్కడ ఇంకో పోలిక చెప్పాలి. తమిళ ఇళ్లకు ‘చిన్న పాప పెరియ పాప’, కన్నడ ఇళ్లకు ‘పాప పాండు’, ‘సిల్లీ లల్లీ’, హిందీ చూసే ఇళ్లకు ‘శ్రీమాన్ శ్రీమతి’ ఉన్నాయి. పక్కింటి పిల్లలతో ఆడుకునే మన పిల్లలకు ఆ జోకులన్నీ తెలుసు. వాళ్లకు తమ భాషలోనూ అలాంటిదొకటి ఉందని చెప్పుకోవడానికి ‘అమృతం’ దొరికింది. భాష అంటే పండుగలు, పద్యాలు, పెద్దల మందలింపులు మాత్రమే అనుకునే పిల్లవాడికి, ఈ భాషలో పగలబడి నవ్వొచ్చు కూడా అని తెలియడం చిన్న విషయం కాదు.

పిల్లలకు ఇది ఏం నేర్పుతుంది?

హాస్యం భాషకు కఠినమైన పరీక్ష. వార్తలు సగం అర్థమైనా సరిపోతుంది. జోకు సగం అర్థమైతే నవ్వు రాదు. ఇంట్లో అందరూ నవ్వుతుంటే ఒక్కడు మాత్రం ‘ఏమన్నాడు?’ అని తమిళంలోనో మరాఠీలోనో అడిగాడంటే, వాడికీ మనకీ మధ్య ఎంత దూరం పెరిగిందో ఆ క్షణంలో తెలుస్తుంది.

అయితే ఒంటి హాస్యం ఉన్న సీరియల్‌కు ఒక వెసులుబాటు ఉంది. మాట తెలియకపోయినా పడటం తెలుస్తుంది. ముందు బొమ్మ చూసి నవ్వుతాడు. తర్వాత ఆ మాట ఎందుకన్నాడో అడుగుతాడు. మూడోసారి ఆ మాటను తానే వాడతాడు. పుస్తకాల స్లాప్‌స్టిక్ అని కొందరు తీసిపారేసే కుప్పిగంతులే భాష రాని పిల్లవాడికి చేతికర్రలా పనిచేస్తాయి.

ఇంకొకటి, పిలుపులు. తెలుగులో ఎవరిని ఎలా పిలవాలన్నది పుస్తకం చదివితే రాదు, వినాలి. ఇందులో మిత్రులు ఒకర్నొకరు ‘ఒరేయ్’ అనుకుంటారు. భార్య భర్తను ‘ఏవండీ’ అంటుంది. అద్దెకున్నవాడు ఓనరు ముందు ‘అండీ’ చేరుస్తాడు, వెనక్కి తిరగ్గానే ‘ముసలాడు’ అంటాడు. కోపం వస్తే ‘నువ్వు’, పని పడితే ‘మీరు’. ఒకే మనిషి ఒకే రోజులో ఇన్ని మెట్లు ఎక్కి దిగడం పిల్లలు గమనిస్తారు. అందరినీ ‘నువ్వు’ అనేసి చుట్టాల ముందు నాలుక కరుచుకునే పిల్లలకు ఇంతకంటే సులువైన పాఠం లేదు. ‘ఒరేయ్’ అన్నది మిత్రుల మధ్యే చెల్లుతుందని మాత్రం మనం పక్కనుండి చెప్పాలి.

సినిమా, రెండో భాగం

2014లో గంగరాజు దర్శకత్వంలోనే ‘చందమామలో అమృతం’ సినిమా వచ్చింది. అవసరాల శ్రీనివాస్ అమృతంగా, హరీష్ అంజిగా నటించారు. అప్పాజీ, సర్వం మాత్రం పాతవారే. ఈసారి హోటలు ఏకంగా చంద్రుడి మీద పెడతారు. ఊహ బాగున్నా, సీరియల్ ప్రేక్షకులు ఎక్కువగా పెదవి విరిచారు. వాళ్లు చెప్పే కారణం ఆలోచించదగ్గది. అమృతం బలం ఇరుకు ఇంట్లో ఉంది. చంద్రుడి మీద అద్దె గొడవ పెట్టినా అది మన వీధి అద్దె గొడవ కాలేదు.

2020 మార్చి 25న, ఉగాది రోజున, జీ5లో ‘అమృతం ద్వితీయం’ మొదలైంది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. హర్షవర్ధన్ తిరిగొచ్చారు. అంజిగా ఎల్.బి. శ్రీరామ్, సంజీవినిగా సత్యకృష్ణన్ నటించారు. రాగిణి, శివన్నారాయణ, వాసు ఇంటూరి తమ పాత్రల్లోనే కొనసాగారు. శ్రీరామ్ నటన మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ఆయన తనదైన గోదావరి పలుకుతో కొత్త అంజిని తెచ్చారు. అయినా పాత ప్రేక్షకుడి కన్ను ఆ ఖాళీ దగ్గరే ఆగింది. ఇళ్లలో చిక్కుకుపోయిన ఆ రోజుల్లో కొత్తది చూసినవారు పాతదాన్ని వెతుక్కుంటూ యూట్యూబ్‌కు కూడా వెళ్లారు.

ఇప్పుడు చూడాలనుకుంటే

పాత భాగాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. మొదటిసారి చూసేవారికి కొన్ని సూచనలు.

మొదటి నుంచీ వరసగా చూడాల్సిన పనిలేదు. ఏ భాగమైనా పట్టుకోవచ్చు. అయితే ముగ్గురు అమృతాల్లో ఒక్కొక్కరివి రెండేసి చూసి, ఇంట్లో ఎవరికి ఎవరు నచ్చారో తేల్చుకోండి. ఆ వాదనే సగం సరదా.

ఒక్కరోజు రెండుకు మించి చూడకండి. ఇవి వారానికొకటి చొప్పున చూడటానికి రాసినవి. పాత పద్ధతిలో ఆదివారం రాత్రి భోజనాల వేళకు ఒకటి పెట్టుకుంటే అలవాటవుతుంది.

పిల్లలను ఒంటరిగా కూర్చోబెట్టి ఫోను చేతికివ్వకండి. అవ్వాతాతలను కూడా కూర్చోబెట్టండి. సంజీవిని వంటింట్లో ఏదో అనగానే ‘మనింట్లో దీన్ని ఇలా అంటాం’ అని అవ్వ చెప్పే మాట ఏ సీరియల్‌లోనూ దొరకదు. టీవీ తెలుగు, ఇంటి తెలుగు పక్కపక్కన కూర్చుంటే పిల్లవాడికి రెండూ వస్తాయి.

సర్వాన్ని చూసి నవ్వినప్పుడు, జీతం ఎగ్గొట్టడం తప్పని కూడా ఒక మాట చెప్పండి. నవ్వు పాడుకాదు.

‘అమృతం’ గొప్ప కళాఖండమా అంటే ప్రేక్షకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఆ పేరు దానికి అవసరం కూడా లేదు. చవకగా తీసిన అరగంట బొమ్మ మూడు తరాలను ఒకే చాప మీద కూర్చోబెట్టి, ఒకే మాటకు ఒకేసారి నవ్వించగలిగింది. తెలుగు బడి లేని ఊళ్లలో ఉన్నవారికి దాని విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.